గడప దాటని బంగారం

కోట్లమంది జీతాలు, ఉద్యోగం పోయిన తేదీలు, వచ్చిన జబ్బులు... ఇవన్నీ ప్రభుత్వాల దగ్గర నమోదై ఉంటాయి. వీటిని పరాయి దేశపు పరిశోధకుడికి చూపించవచ్చా? చూపించాలి, కానీ చేతికి ఇవ్వకూడదు అంటోంది జర్మనీ. అదెలా సాధ్యమో చెప్పే కథనమిది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అని విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడో గది. అనుమతి ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తారు. బల్లమీద ఒక తెర, కీబోర్డు, మౌస్. తెరమీద ఉన్నదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునే వీల్లేదు, మెయిల్‌లో పంపుకునే దారీ లేదు.

అలాంటి తెరమీద ఒక వరసను దగ్గరగా చూద్దాం. మొదట ఒక సంఖ్య. పక్కన పుట్టిన సంవత్సరం, పనిలో చేరిన తేదీ, మానేసిన తేదీ, రోజు వేతనం. కింది వరసలోనూ అదే సంఖ్య. ఈసారి వేతనం లేదు, నిరుద్యోగ భృతి ఉంది. దాని కింద మళ్లీ పని, కానీ వేతనం మునుపటికంటే తక్కువ. పేరు లేదు, ఫొటో లేదు. అయినా ఓ మనిషి కష్టకాలం మూడు వరసల్లో కనిపిస్తోంది. ఆ మనిషి ఉండేది జర్మనీలో. ఆ వరసలు ఉన్నదీ అక్కడే, దాదాపు 7,000 కిలోమీటర్ల దూరాన న్యూరెంబర్గ్ నగరంలోని సర్వర్లలో. లెక్కలన్నీ అక్కడే జరుగుతాయి. సముద్రం దాటి వచ్చేది తెరమీది బొమ్మ మాత్రమే.

వెనకటికి మన ఇళ్లల్లో పెళ్లి కుదిరితే స్వర్ణకారుణ్ని ఇంటికే పిలిపించేవారు. కుంపటి, ఊదుగొట్టం, చిన్న త్రాసు సర్దుకుని ఆయన అరుగుమీద కూర్చునేవాడు. ఎదురుగా నాయనమ్మ. బంగారం గడప దాటేది కాదు, పనితనమే బయటినుంచి వచ్చేది. నగ తయారయ్యాక తూకం వేసి చూసుకునేవారు. ఆ తూకం అనుమానంతో వేసింది కాదు, ఇద్దరికీ మాట రాకుండా ఉండాలని వేసింది. న్యూరెంబర్గ్ చేస్తున్నదీ అచ్చంగా ఇదే.

కోర్టు నేర్పిన జాగ్రత్త

జర్మనీ కేంద్ర ఉపాధి సంస్థకు 1967లో ఒక పరిశోధన విభాగం ఏర్పడింది. పేరు ఐఏబీ. సామాజిక బీమా పరిధిలోని ప్రతి ఉద్యోగి వివరాలనూ యజమానులు బీమా సంస్థలకు పంపాలి. పశ్చిమ జర్మనీలో 1975 నుంచి, తూర్పు ప్రాంతంలో 1990ల తొలినాళ్ల నుంచి ఆ రికార్డులు పోగుపడ్డాయి. వాటిని పరిశోధకులకు అందించడానికి 2004లో ప్రత్యేక డేటా కేంద్రం పెట్టారు. డేటాను స్వయంగా చూడాలంటే మొదట్లో న్యూరెంబర్గ్ వెళ్లి కూర్చోవాల్సిందే. తరవాత ఆన్ ఆర్బర్, బర్క్‌లీ, కార్నెల్ వంటి చోట్ల అతిథి గదులు తెరుచుకున్నాయి. మరో పద్ధతీ ఉంది. పరిశోధకుడికి ఉత్తుత్తి డేటా ఇస్తారు. దానిమీద ప్రోగ్రాం రాసి పంపితే, అసలు డేటామీద నడిపి, ఫలితాన్ని తనిఖీ చేశాకే పంపుతారు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, వివరాలు తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో ఐరోపా కళ్లారా చూసింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యూదులను వెతికి పట్టుకోవడానికి నాజీలకు నెదర్లాండ్స్ జనాభా రిజిస్టర్లు ఉపయోగపడ్డాయి. అందుకే 1943 మార్చి 27న ప్రతిఘటన దళం ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్ట్రీ కార్యాలయాన్ని పేల్చి నిప్పుపెట్టింది. ఆ కాగితాలను కాల్చడానికి తెగించినందుకు పన్నెండుమందిని నాజీలు కాల్చి చంపారు.

నలభై ఏళ్ల తరవాత, 1983లో పశ్చిమ జర్మనీ జనాభా లెక్కలకు సిద్ధమైతే జనం ఎదురుతిరిగారు. తన వివరాలు ఎవరికి, ఎంతవరకు తెలియాలో నిర్ణయించుకునే హక్కు మనిషికి ఉందని రాజ్యాంగ న్యాయస్థానం అదే ఏడాది డిసెంబరు 15న తీర్పిచ్చింది. ఆ లెక్కలు చివరికి 1987లో గానీ జరగలేదు.

పేరు చెరిపితే చాలదు

‘పేర్లు తీసేసి ఇచ్చేస్తే సరిపోతుంది కదా’ అని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమూ అలాగే అనుకుంది. 1990ల్లో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను, పేర్లు తొలగించి పరిశోధకులకు ఇచ్చింది. పిన్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న వివరం మాత్రం ఉంచేసింది. అప్పటికి విద్యార్థినిగా ఉన్న లతాన్యా స్వీనీ, కేంబ్రిడ్జి నగర ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీనే, అదే సంవత్సరంలో పుట్టినవాళ్లు ఆ జాబితాలో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఒక్కరే. అంతే, గవర్నర్ ఆసుపత్రి రికార్డు దొరికిపోయింది.

ఒకసారి చేయి దాటిన ఫైలును వెనక్కి తెచ్చుకోలేం. అది మరో దేశం చేరితే మన చట్టం అక్కడిదాకా వెళ్లదు. కాబట్టి డేటాను కదలనివ్వకపోవడమే సరైన దారి.

ఐదు ప్రశ్నలు

బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయంలో ఫెలిక్స్ రిచీ బృందం 2000ల తొలినాళ్లలో, ఇలాంటి డేటాను ఎలా చూడనివ్వాలో చెప్పే ఒక చట్రాన్ని రూపొందించింది. ఇవాళ చాలా దేశాలకు అదే కొలబద్ద.

• పని: ఈ పరిశోధన ప్రజలకు మేలు చేసేదేనా?
• మనిషి: చేసేవారికి శిక్షణ ఉందా? నియమాలకు కట్టుబడతామని సంతకం చేశారా?
• చోటు: డేటా చూసే గది, వ్యవస్థ భద్రమైనవేనా?
• డేటా: ఈ పనికి అక్కర్లేని వివరాలు తీసేశారా?
• ఫలితం: బయటికి వెళ్లే పట్టికలో ఎవరైనా గుర్తుపట్టేలా దొరికిపోతారా?

తూకం వేసే చేయి

ఈ ఐదింటిలో ఎక్కువ ఓపిక కోరేది చివరిది. ఒక చిన్న ఊళ్లో మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఒక్కడే ఉన్నాడనుకోండి. ‘ఆ ఊళ్లో ఆ వృత్తివారి సగటు జీతం’ అని పట్టికలో వేస్తే, అది నేరుగా ఆయన జీతమే. ఇవాళ 41 మంది మొత్తం ఆదాయం, రేపు వాళ్లలోనే 40 మంది మొత్తం ఆదాయం ప్రచురిస్తే, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయగానే మిగిలిన ఒక్కరి సంపాదన బయటపడుతుంది. విడివిడిగా చూస్తే రెండు పట్టికల్లోనూ తప్పు కనబడదు. అందుకే మనిషి కూర్చుని ప్రతి గడీ వెతుకుతాడు. బ్రిటన్ గణాంక కార్యాలయంలో పదిమంది లోపు ఆధారంగా వచ్చిన అంకెను సాధారణంగా బయటికి వదలరు.

పరాయి దేశపు పరిశోధకుణ్ని చూడనివ్వడంలో ఫ్రాన్స్‌ది ఇంకో పద్ధతి. అక్కడి కేంద్రం ‘ఎస్‌డీ-బాక్స్’ అనే చిన్న పెట్టెను పరిశోధకుడి సంస్థకు పంపుతుంది. కార్డు, వేలిముద్ర రెండూ సరిపోతేనే అది తెరుచుకుంటుంది. 2018లో ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, బ్రిటన్ల కేంద్రాలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. ఒక దేశపు భద్ర గదిలోంచి మరో దేశపు డేటాను చూసే వీలు కల్పించడం దాని పని.

ఇంత శ్రమకు దక్కిందేమిటి?

కెనడాలో పుట్టి బర్క్‌లీలో పాఠాలు చెప్పిన డేవిడ్ కార్డ్, ఐఏబీకి చెందిన యోర్గ్ హైనింగ్, బర్క్‌లీ ఆచార్యుడు పాట్రిక్ క్లైన్ కలిసి 1985-2009 నాటి జర్మనీ రికార్డులను తరచి చూశారు. పశ్చిమ జర్మనీలో జీతాల మధ్య అంతరం పెరగడానికి మనుషుల చదువూ నైపుణ్యమూ మాత్రమే కారణం కాదనీ, ఎక్కడ పనిచేస్తున్నారన్నదీ అంతే ముఖ్యమవుతూ వచ్చిందనీ తేల్చారు. ఎక్కువ ఇచ్చే సంస్థల్లోకే ఎక్కువ సంపాదించగలవాళ్లు చేరిపోతున్నారని చూపించారు. 2013లో వచ్చిన ఆ పరిశోధన, జీతాల అసమానతపై తరవాతి అధ్యయనాలను బాగా ప్రభావితం చేసింది.  ఇలా బయటి పనితనం వచ్చి కూర్చున్నందుకు జర్మనీ తన గురించి తాను తెలుసుకుంది.

మన గడపలో...

ఇలాంటి మేలు తెలుగు నేలకూ తెలుసు. 2010-12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లను బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులతో ఇవ్వడంపై 8 జిల్లాల్లోని 157 మండలాల్లో భారీ అధ్యయనం జరిగింది. చేసింది అమెరికా విశ్వవిద్యాలయాల్లో పనిచేసే కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్. ఎవరికెంత చెల్లించినట్టు ప్రభుత్వ రికార్డులో ఉందో చూసి, ఆ ఇళ్లకు బృందాలను పంపి ‘మీకు ఎంత ముట్టింది?’ అని అడిగించారు. కూలి త్వరగా అందుతోందని, దారిలో జారిపోయే సొమ్ము తగ్గిందని తేలింది.

కూలి చెల్లింపు ప్రజాధనం లెక్క, దాన్ని ఊరంతా చూడటమే న్యాయం. కానీ జబ్బులు, అప్పులు, కులం, ఆదాయం కలిసిన రికార్డులు అలాంటివి కావు. వాటి విషయంలో మనకు రెండే దారులు అలవాటయ్యాయి. ఫైలు ఇచ్చేయడం, లేదా బీరువాకు తాళం వేయడం. మూడో దారి, అంటే చూడనిచ్చే గది, మనకు కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు వెసులుబాటు ఇచ్చింది. ఆ డేటాతో ఏ ఒక్కరి విషయంలోనూ నిర్ణయం తీసుకోకూడదని, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలని షరతు పెట్టింది. చట్టం తలుపు తీసింది. గదులు కట్టి, ఫలితాలను తనిఖీ చేసేవాళ్లకు శిక్షణ ఇచ్చి, జీతాలు పెట్టాల్సింది ప్రభుత్వాలే. ఆ గదిలోకి ముందు మన విశ్వవిద్యాలయాల పిల్లలు రావాలి. వాళ్లతోపాటే, అవే నియమాలకు లోబడి, బయటి దేశాలవాళ్లూ రావాలి.

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుల సర్వే మొదలైంది. 2027 జనగణనలోనూ కులం వివరాలు నమోదు చేయాలని కేంద్రం నిర్ణయించింది. వివరాలు రాసుకోవడానికి కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఉపాధ్యాయురాలిని ఏ పెద్దావిడైనా అడగగలిగే ప్రశ్న ఒకటుంది: ‘ఇవన్నీ ఎవరికి చెబుతారమ్మా?’ ఆవిడకు ‘ఎవరికీ చెప్పం’ అనడం సరైన జవాబు కాదు. ఎవరూ చూడకపోతే ఆవిడ కష్టం ఎవరికీ తెలియదు. ‘చదువుకున్నవాళ్లు వచ్చి, ఒక గదిలో మా కళ్లముందే కూర్చుని చూస్తారు పెద్దమ్మా. మీ వివరాలు మాత్రం ఆ గది దాటవు’ అని ఆ ఉపాధ్యాయురాలు ధైర్యంగా చెప్పగలగాలి. ఆ మాట నిజమయ్యేలా చూసే బాధ్యత, అడిగి రాసుకున్న ప్రభుత్వానిది.