జువైనల్ హోం, మనసు వైద్యం: అపోహలు – వాస్తవాలు

లింగాల ఘనపూర్ లాంటి మండలంలో పదహారేళ్ల పిల్లవాడు కేసులో ఇరుక్కుంటే ఇంట్లోవాళ్లకు ముందు పరువు, తర్వాత లాయరు గుర్తొస్తారు. వాడి మనసు ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. ఆ అడగకపోవడం వెనక ఉన్నవి ఈ అపోహలే.

అపోహ: జువైనల్ హోం అంటే పిల్లల జైలు, అక్కడ వైద్యం ఎక్కడిది?

వాస్తవం: 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లను లాకప్‌లోనూ జైల్లోనూ పెట్టకూడదు. చదువుతోపాటు కౌన్సెలింగ్, మానసిక చికిత్స కూడా హోం అందించాల్సిన సేవలేనని 53వ సెక్షన్ చెబుతోంది.

అపోహ: మత్తుకు మరిగినవాడికి నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

వాస్తవం: ఈ మాట ప్రాణాల మీదికి తెస్తుంది. కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం లాంటి మత్తుమందులు కలపడం తెలంగాణకు కొత్త కాదు. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి కల్తీ కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు పెద్దవాళ్లే వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఆసుపత్రుల్లో చేరారు. అలాంటి అలవాటున్న పిల్లవాడికి మత్తు ఒక్కసారిగా ఆగిపోతే నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. చూసేవాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది. వాడికి కావలసింది డాక్టరు. అదే చట్టం 93వ సెక్షన్ కింద, పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు అలాంటి బాలుణ్ని మానసిక వైద్యశాలకో, వ్యసన విముక్తి కేంద్రానికో పంపవచ్చు. పిల్లలకు మత్తు అందించినవాడికైతే ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

అపోహ: సైకాలజిస్టు వచ్చేది నేరం ఒప్పించడానికే.

వాస్తవం: కాదు. ఘోర నేరం ఆరోపణ ఉన్న 16–18 ఏళ్ల వారి విషయంలో, పర్యవసానం తెలుసుకునే మానసిక స్థితి ఉందా అని బోర్డు ప్రాథమికంగా అంచనా వేస్తుంది. అది విచారణ కాదని చట్టమే స్పష్టంగా చెప్పింది. బోర్డులో బాలల మనస్తత్వం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022 జులై 13న తేల్చింది.

అపోహ: చికిత్స చేయిస్తే జీవితాంతం ముద్ర పడుతుంది.

వాస్తవం: ముద్ర వేసేది చికిత్స కాదు, మనమే. పట్టుబడ్డ పిల్లవాడి ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడి నేపథ్యంపై బోర్డుకు నివేదిక ఇచ్చే ప్రొబేషన్ అధికారి వివరాలు అడిగినప్పుడు పరువు కోసం ఏదీ దాచకండి. బడి ఎప్పుడు మానేశాడు, ఇంట్లో దెబ్బలు తిన్నాడా, తలకు గాయమైందా, రాత్రుళ్లు నిద్రపోతున్నాడా, అన్నీ చెప్పండి. ఆ నివేదికలో ఇవి ఉంటేనే పిల్లవాడికి వైద్యం అందే దారి దొరుకుతుంది. మానసిక వైద్యుడికి చూపించమని బోర్డును మీరే అడగండి. ఈలోగా మాట సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బులేమీ తీసుకోరు.