పాలు తాగేటప్పుడు పాపాయికి చెమట పడుతోందా?

పాలు తాగుతూ తాగుతూ బిడ్డ ఆగిపోతాడు. ఆయాసం, నుదురంతా చెమట, మొహం పాలిపోతుంది, గుక్కపట్టి ఏడుస్తాడు. "దిష్టి తగిలిందే అమ్మాయ్" అని అత్తగారు ఉప్పు దిగదుడుస్తారు. "కడుపునొప్పేమో" అంటుంది పక్కింటావిడ. చాలాసార్లు కడుపునొప్పే కావచ్చు. కానీ నెలల పిల్లలకి ప్రతిసారీ ఇలాగే అవుతుంటే గుండె పరీక్ష చేయించాల్సిందే.

గుండెకు రక్తమిచ్చే కరొనరీ ధమనులు రెండూ బృహద్ధమని నుంచే పుట్టాలి. సుమారు 3 లక్షల మంది పిల్లల్లో ఒకరికి ఎడమవైపుది ఊపిరితిత్తులకు వెళ్లే ధమని నుంచి పుడుతుంది. 1933లో బ్లాండ్, వైట్, గార్లండ్ అనే డాక్టర్లు దీన్ని వివరించారు. పుట్టగానే బిడ్డ బాగానే ఉంటాడు. కొన్ని వారాలకు ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి తగ్గి, గుండెకు అందాల్సిన రక్తం అటు మళ్లిపోతుంది. గుండె నీరసించి, ఉబ్బుతుంది. వైద్యం అందకపోతే చాలామంది పిల్లలు ఏడాది దాటరు.

ఇ.సి.జి., ఎకో పరీక్షలతో జబ్బు బయటపడుతుంది. మందులు ఆయాసాన్ని తగ్గిస్తాయంతే, అసలు వైద్యం ఆపరేషనే. రక్తప్రసరణను యంత్రానికి అప్పగించి, దారి తప్పిన ధమనిని మొదలుతో సహా తీసి బృహద్ధమనికి కుడతారు. నీరసించిన గుండె నెలల్లో తేరుకుంటుంది. ఆ తర్వాతా ఏటేటా చెకప్‌లు తప్పవు.

సాతంరాయి, శంషాబాద్ వైపు తల్లులు ముందు దగ్గరి పిల్లల డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందాలు పుట్టు గుండెజబ్బుల్ని కూడా చూస్తాయి. పంజాగుట్టలోని నిమ్స్‌లో గుండె ఆపరేషన్లు చేస్తారు. ఖర్చు భయంతో ఆగకండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ బిడ్డకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు బిడ్డని చంకల కింద పట్టి ఎత్తవద్దు. ఒక చెయ్యి మెడ కింద, ఇంకోటి పిరుదుల కింద పెట్టి ఎత్తండి. పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టండి. కుట్టు ఎర్రబడినా, జ్వరమొచ్చినా వెంటనే చూపించండి.

అన్నట్టు, ఆటల్లో పరుగెత్తుతూ స్పృహ తప్పే పెద్ద పిల్లల్నీ "ఎండదెబ్బేలే" అని వదిలేయకండి. ఉప్పు తీస్తే తీయండి, కానీ డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం రేపటికి వాయిదా వేయకండి!