నెర్రెను పట్టే శబ్దం!

నిమ్మనపల్లెలో అయినా, పుంగనూరులో అయినా కుండ బేరమాడే అవ్వ ముందుగా చేసే పని ఒకటుంది. వేలు మడిచి కుండమీద కొడుతుంది. ఖంగుమంటే డబ్బులు తీస్తుంది. బొంగురుగా మోగిందా... ఎంత తగ్గించినా తీసుకోదు. కంటికి కనిపించని నెర్రెను శబ్దం పట్టిస్తుందని ఆమెకు తెలుసు.

అణు రియాక్టర్‌లో అమర్చే గొట్టాలనూ ఇంచుమించు ఇలాగే పరీక్షిస్తారంటే నమ్ముతారా!

వస్తువును కోయకుండా, విరవకుండా దాని లోపలి లోపాన్ని కనిపెట్టే విద్య ఇది. ఇంజినీర్లు దీన్ని నాన్‌ డిస్ట్రక్టివ్‌ టెస్టింగ్‌ అంటారు. పొట్టిగా చెప్పాలంటే ఎన్‌డీటీ. మన దేశంలోని అణు విద్యుత్‌ కేంద్రాల్లో ఎక్కువ భాగం భారజల రియాక్టర్లే. 220 మెగావాట్ల రియాక్టర్‌లో 306 ప్రెషర్‌ ట్యూబులు అడ్డంగా అమర్చి ఉంటాయి. ఒక్కోటీ అయిదు మీటర్లకు పైగా పొడవు. గోడ మందం మాత్రం మూడు మిల్లీమీటర్ల పైచిలుకే! యురేనియం కట్టలు ఉండేది వీటిలోనే. దాదాపు 300 డిగ్రీల వేడితో, విపరీతమైన ఒత్తిడితో భారజలం ఏళ్ల తరబడి వీటి గుండా పరుగులు తీస్తూనే ఉంటుంది. అలాంటి చోట వెంట్రుకవాసి నెర్రె కూడా చిన్న విషయం కాదు.

గొట్టానికీ స్కానింగే!

ఈ గొట్టాలు తయారయ్యేది హైదరాబాద్‌లోనే. 1971లో ఏర్పాటైన న్యూక్లియర్‌ ఫ్యూయల్‌ కాంప్లెక్స్‌ వీటిని జిర్కోనియం మిశ్రమ లోహంతో చేస్తుంది. మన కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం చేరేదీ ఇక్కడికే. ఇంధనాన్ని నింపే సన్నని గొట్టాల మందం అయితే అర మిల్లీమీటరు కూడా ఉండదు. వాటిని మూసి అతికించాక, ఎక్కడైనా సందు ఉందేమో తెలుసుకోవడానికి హీలియం వాయువుతో పరీక్షిస్తారు. లీకుంటే ఆ వాయువు బయటపడి చెప్పేస్తుంది.

ప్రెషర్‌ ట్యూబులకు జరిగే ముఖ్యమైన పరీక్ష అల్ట్రాసోనిక్‌. గర్భిణులకు చేసే స్కానింగ్‌కు ఇది అన్నలాంటిది. మన చెవికి వినిపించేది సెకనుకు 20 వేల కంపనాల వరకే. ఇక్కడ వాడే శబ్దం సెకనుకు పది లక్షలసార్లకు మించి కంపిస్తుంది. లోహంలోకి వెళ్లిన ఆ శబ్దానికి పగులు ఎదురైతే గోడకు తగిలిన బంతిలా వెనక్కి వస్తుంది. తెరమీద గీత ఎగురుతుంది. స్కానింగ్‌లో డాక్టరు పొట్టమీద జెల్‌ రాసినట్టే, ఇక్కడ గొట్టాన్ని నీళ్లలో ఉంచుతారు. మధ్యలో గాలి ఉంటే శబ్దం లోపలికి సరిగా దిగదు మరి!

ఇంకోటి ఎడ్డీ కరెంట్‌ పరీక్ష. తీగచుట్టలోకి కరెంటు పంపి గొట్టం దగ్గర పెడితే లోహంలో సుడుల్లాంటి విద్యుత్‌ ప్రవాహాలు పుడతాయి. కాలవలో రాయి అడ్డొస్తే నీరు పక్కకు మళ్లినట్టు, పగులు దగ్గర అవీ దారి మళ్లుతాయి. ఆ తేడాను తీగచుట్ట పసిగడుతుంది.

రెండెందుకంటే... ఏ ఒక్క పరీక్షా అన్నిటినీ చూడలేదు. ఎడ్డీ కరెంట్‌ పైపైన ఉన్న లోపాల్ని బాగా పడుతుంది. శబ్దం లోతుకు వెళ్తుంది కానీ, పగులు తనకు సమాంతరంగా ఉంటే దాన్ని దాటి పోవచ్చు. అందుకే పొడవునా ఒకసారి, చుట్టూ ఒకసారి శబ్దాన్ని పంపుతారు.

కావాలని పెట్టిన గాటు

యంత్రం నిజం చెబుతోందని నమ్మేదెలా? దానికీ ఓ ఉపాయం ఉంది. ఒక మంచి గొట్టం తీసుకుని, లెక్కప్రకారం సన్నటి గాటు పెడతారు. పరీక్ష యంత్రం ముందు ఆ గాటును పట్టుకోవాలి. అప్పుడే అసలు గొట్టాలను చూడటానికి దానికి అర్హత. గాటును మించి గీత ఎగిరితే ఆ గొట్టం పక్కకే!

బిగించాక కూడా...

రియాక్టర్‌లో అమర్చిన తర్వాత మనిషి లోపలికెళ్లి చూడలేడు. రేడియేషన్‌! అందుకే భాభా అణు పరిశోధన కేంద్రం ‘బార్సిస్‌’ అనే తనిఖీ వ్యవస్థను తయారుచేసింది. ఇంధనం తీసేసిన గొట్టంలోకి సెన్సర్లున్న తలను పంపి, దూరంగా కూర్చుని సంకేతాలు చదువుతారు.

ఇంత జాగ్రత్త ఎందుకో 1983 ఆగస్టులో కెనడాలోని పికరింగ్‌ కేంద్రం చెప్పింది. అక్కడ ఓ గొట్టం రెండు మీటర్ల మేర చీలిపోయింది. దాన్ని బయటి గొట్టానికి తగలకుండా పట్టి ఉంచే స్ప్రింగులు పక్కకు జరిగాయి. వేడి గొట్టం కుంగి చల్లటి గొట్టానికి ఆనుకుంది. ఆ చోట హైడ్రోజన్‌ చేరి లోహం పెళుసుబారింది. రియాక్టర్‌ను సురక్షితంగా ఆపగలిగారు. మన తొలితరం రియాక్టర్లలోనూ అదే రకం లోహం ఉండేది. రాజస్థాన్‌ రెండో రియాక్టర్‌లో 1990ల్లో గొట్టాలన్నీ మార్చేశారు. తర్వాత నియోబియం కలిపిన మెరుగైన మిశ్రమం వచ్చింది. ఇప్పుడు బార్సిస్‌ పగుళ్లతోపాటు స్ప్రింగులు ఎక్కడున్నాయో కూడా చూస్తుంది.

అంతటితో భయం తీరిందా? లేదు. 2016 మార్చి 11న, సరిగ్గా ఫుకుషిమా ప్రమాదానికి అయిదేళ్లు నిండిన రోజున, గుజరాత్‌లోని కాక్రపార్‌ మొదటి రియాక్టర్‌లో ఓ గొట్టం లీకైంది. రియాక్టర్‌ దానంతటదే ఆగిపోయింది. తర్వాత తీసి చూస్తే గొట్టం పగిలి ఉంది. బయటివైపున తుప్పులాంటి మచ్చలు! 306 గొట్టాలనూ ప్రతిసారీ చూడటం కుదరదు. కొన్నింటిని ఎంచి చూస్తారు. అందుకే ఏవి ఎంచాలి, ఏ వైపు చూడాలి అన్నదే ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. దానికి జవాబు యంత్రం చెప్పదు, మనుషులే వెతకాలి.

రైలు పట్టాల మీద చిన్న బండిలాంటి యంత్రాన్ని తోసుకుంటూ నడిచే రైల్వే సిబ్బందిని చూసే ఉంటారు. వాళ్ల చేతిలోనూ ఉన్నది ఈ శబ్దపు విద్యే. వాళ్ల పని సరిగ్గా సాగిన రోజున ఏ వార్తా ఉండదు. రైలు వేళకు వస్తుంది, ఇంట్లో దీపం వెలుగుతుంది... అంతే!