ఈ85 పోస్తే కారు నిజంగా దూసుకుపోతుందా? ట్యాంకులో పోసే ముందు ఈ లెక్క చూడండి

తిరుమలగిరి నుంచి మాట్లాడుతున్నా. తిరుమలగిరులు చాలా ఉన్నాయి కాబట్టి చెప్తున్నా, మనది సూర్యాపేట జిల్లా, అంటే పాత నల్లగొండ తిరుమలగిరి. ఈ మధ్య కార్ల పిచ్చి ఉన్న తమ్ముళ్లు ఒకటే ప్రశ్న అడుగుతున్నరు: "అన్నా, టర్బో కారుకి రీమ్యాప్ చేయించిన. ఈ85 కొడితే పవర్ మస్తు వస్తదంట. స్పిరిట్ తెచ్చి పెట్రోల్‌లో కలపొచ్చా?"

సూటిగా చెప్తా. ఇథనాల్‌తో పవర్ పెరగడం నిజం. లెక్క లేకుండా కలిపి పోస్తే ఇంజిన్ పోవడం కూడా అంతే నిజం. రెండూ ఎట్లా నిజమో చూద్దాం.

ముందు పేర్లు. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్, మిగతాది పెట్రోల్. ఈ85 అంటే 85 శాతం ఇథనాల్. మన దేశంలో ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇప్పుడు మామూలు బంకులో మీరు కొట్టించుకునేది అదే. ఇథనాల్ చెరకుతోనే కాదు, మొక్కజొన్న, నూకలు, పాడైన ధాన్యంతో కూడా చేస్తారు. అంటే మన మార్కెట్ యార్డులో కనిపించే సరుకుతోనే. అందరూ సంబరపడుతున్నారని కాదు. పాత పాలమూరు జిల్లాలోనే, నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ కాలుష్యం మీద చుట్టుపక్కల ఊళ్లు పెద్ద పోరాటమే చేశాయి. అది ఇంకో ఎపిసోడ్. ఈరోజు ఇంజిన్ వరకే మాట్లాడుకుందాం.

పవర్ ఎక్కడి నుంచి వస్తుంది? టర్బో గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. ఎక్కువ నొక్కితే వేడి ఎక్కువ. ఆ వేడికి, స్పార్క్ అంటించిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తనే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. పిస్టన్లు పగలగొట్టేది అదే. ఇథనాల్ ఆక్టేన్ 108 దగ్గర ఉంటుంది, మన ఈ20ది 95. పైగా శానిటైజర్ రాసుకుంటే చెయ్యి చల్లబడుతుంది కదా, సిలిండర్ లోపల కూడా అదే జరుగుతుంది. ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ పెట్రోల్ కంటే రెండు రెట్లకు పైగా వేడి పీల్చుకుంటుంది. లోపల చల్లగా ఉంటే నాకింగ్ తగ్గుతుంది, ట్యూనర్ బూస్ట్ పెంచొచ్చు, స్పార్క్ ముందుకు జరపొచ్చు. అమెరికాలో ఇండీకార్ రేసులు 2007లోనే ఇథనాల్‌కి మారాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇథనాల్ తనకు తానుగా పవర్ ఇవ్వదు, పవర్ పెంచుకునే అవకాశం ఇస్తుంది. ట్యూన్ మార్చకుండా పోస్తే మైలేజీ పోవడం తప్ప ఒరిగేదేం లేదు. ఎందుకంటే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో దాదాపు మూడింట రెండొంతులే.

ఇప్పుడు అసలు లెక్క. పెట్రోల్ ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి సుమారు 13.5, ఈ85కి సుమారు 9.8. అంటే అదే గాలికి ఈ85 ఎక్కువ పోయాలి. ఈ20తో పోలిస్తే లీటర్ల లెక్కన దాదాపు మూడో వంతు ఎక్కువ. మీ ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంప్ అంత ఇవ్వగలవా? పోలో జీటీ టీఎస్‌ఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో హై ప్రెజర్ పంపే ముందు చేతులెత్తేస్తుంది. ఇంధనం చాలకపోతే మిశ్రమం లీన్ అవుతుంది. ఫుల్ బూస్ట్‌లో లీన్ అయితే పిస్టన్‌కి చిల్లు పడటానికి క్షణాలు చాలు.

ఇంకో ఉదాహరణ. 15 లీటర్ల ఈ20లో 5 లీటర్ల నికరమైన ఇథనాల్ కలిపారనుకోండి. మొత్తం 20 లీటర్లలో ఇథనాల్ 8 లీటర్లు, అంటే ఈ40. దానికి ట్యూన్ చేయించారు. రేపు సూర్యాపేట హైవే మీద ట్యాంకు ఖాళీ, మామూలు బంకులో ఈ20 కొట్టించారు. బూస్ట్, స్పార్క్ మాత్రం ఈ40 లెక్కలోనే ఉంటాయి. నాకింగ్ ఖాయం. అటు ట్యూన్ కంటే ఇథనాల్ ఎక్కువైతే లీన్. రెండు పక్కలా గొయ్యే. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు ఫ్యూయల్ లైన్‌లో ఇథనాల్ సెన్సార్ పెడతారు. అది శాతం చూసి ఈసీయూకి చెప్తుంది, ఈసీయూ దాన్ని బట్టి మ్యాప్ మారుస్తుంది. అమెరికా బంకుల్లో ఈ85 అని అమ్మేదాంట్లోనే సీజన్‌ని బట్టి ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా మారుతుంది. లేబుల్‌ని నమ్మి ట్యూన్ చెయ్యలేం.

మరి స్పిరిట్ సంగతి? ఇంధనంగా వాడే ఇథనాల్‌లో నీళ్లు దాదాపు ఉండవు, 99 శాతానికి పైనే స్వచ్ఛత. రెక్టిఫైడ్ స్పిరిట్‌లో సుమారు 5 శాతం నీళ్లుంటాయి. ఇండస్ట్రియల్ స్పిరిట్‌లో తాగకుండా ఏం కలిపారో మీకు తెలీదు. అన్నిటికన్నా ముఖ్యం, లైసెన్స్ లేకుండా స్పిరిట్ దగ్గర పెట్టుకుంటే ఎక్సైజ్ కేసు. కారు కోసం జైలుకి పోకండి. దొరికే దారి కూడా చెప్తా: 2024 మార్చిలో ఈ100ని 183 బంకుల్లో మొదలుపెట్టారు, కానీ ఆ జాబితాలో మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ, తమిళనాడు ఉన్నాయి, తెలంగాణ లేదు.

చట్టం కూడా చూసుకోండి. అనుమతి లేకుండా వాహనాన్ని మారిస్తే మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

మీ పెట్రోల్‌లో ఇథనాల్ ఎంతుందో చూడాలంటే చిన్న పరీక్ష ఉంది. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి, మూత పెట్టి ఊపి వదిలెయ్యండి. ఇథనాల్ నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. కింది పొర సుమారు 28కి వస్తే, 28 లోంచి 10 తీస్తే 18. తొంభైకి 18 అంటే 20 శాతం. ఆరుబయట చెయ్యండి, దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండొద్దు.

మొత్తానికి నా మాట: మన దగ్గర నమ్మకంగా ఈ85 దొరికేదాకా ట్యూనర్‌తో ఈ20కే మ్యాప్ రాయించుకోండి. 95 ఆక్టేన్‌కి తగ్గ బూస్ట్ పెట్టించుకోండి. 2023 ఏప్రిల్‌కి ముందు కారైతే ఫ్యూయల్ పైపులు, ఓ రింగులు ఒకసారి చెక్ చేయించండి. ఇథనాల్ గాల్లో తేమని లాగుతుంది, కాబట్టి కారుని నెలల తరబడి కదపకుండా ఉంచొద్దు. పది గుర్రాల పవర్ కోసం లక్షల ఇంజిన్‌ని పణంగా పెట్టకండి. రీమ్యాప్ చేయించిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్తగా నడపండి.