ఏతం తొక్కినా, యంత్రం తొక్కినా మాత్ర తప్పరాదు

"మాత్ర అంటే మింగే గోళీ కాదు నాయనా, కొలత" అని గురుకులంలో మా గురువుగారు తరచు చెప్పేవారు. ఔషధానికే కాదు, ఆహారానికీ నిద్రకూ వ్యాయామానికీ కూడా కొలతే ప్రాణమని ఆయన భావం. ఆ కొలతను ఒక రోగికి నేను సగమే చెప్పాను. ఆ పొరపాటు మరొకచోట జరుగకూడదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆయన రాజోలు ప్రాంతపు కొబ్బరి వర్తకులు. వయస్సు 52, బరువు 92 కిలోలు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. నడవమంటే మోకాళ్ళ నొప్పి. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమారుడు ఎలిప్టికల్ యంత్రం ఒకటి కొని పంపాడు. "ఆయ్, దీని మీద ఎక్కమంటారా గురువుగారూ?" అని నన్ను అడిగారు.

ఈ యంత్రాన్ని 1995లో అమెరికాలోని ప్రీకార్ సంస్థ విపణిలోకి తెచ్చింది. ఇందులో పాదాలు రెండు పలకల మీద నిలిచి, కోడిగ్రుడ్డు ఆకారపు బాటలో తిరుగుతాయి. చేతులు పిడులను ముందుకు త్రోసి వెనుకకు లాగుతాయి. పాదం పలకను విడిచి లేవదు కనుక, పరుగులో వలె మోకాలికి అదురు తగలదు. నా చిన్నతనంలో ఏతపు దూలం మీద ముందుకూ వెనుకకూ నడుస్తూ నీరు తోడేవారిని చూశాను. ఇదీ ఒక విధమైన ఏతమే; నీరు మాత్రం రాదు. గుండె పరీక్ష చేయించుకొని రమ్మన్నాను. దోషం లేదని తేలిన పిమ్మట, "నుదుట చెమట పట్టగానే ఆపండి" అని చెప్పి పంపాను.

అది వైశాఖ మాసం. కోనసీమ ఉక్కపోత సంగతి పాఠకులకు తెలియనిది కాదు. యంత్రమెక్కిన రెండు నిమిషాలకే ఆయన నుదురు తడిసింది. ఇది ఉక్కకు పట్టిన చెమటలే అనుకొని ఆయన ఆపలేదు. పైగా చెమట రూపంలో కొవ్వు కరిగిపోతుందని నమ్మి, తలుపులు మూసి రోజూ గంటసేపు తొక్కారు. వారం తిరుగకుండానే కళ్ళు తిరిగి కూలబడ్డారు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించవలసి వచ్చింది. తరువాత నా వద్దకు వచ్చి, "మీరు చెప్పిన గుర్తు మన ఊళ్ళకు పనికిరాదండి" అన్నారు. మందలించబోయి ఆగిపోయాను. ఆయన మాటలో న్యాయం ఉన్నది.

వ్యాయామం అర్ధశక్తితో, అనగా ఉన్న బలంలో సగం వరకే చేయవలెనని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చెప్పినాడు. అదీ శీతకాలంలోనూ వసంతంలోనూ. తక్కిన ఋతువులలో ఇంకా తక్కువ. ఆ సగాన్ని గుర్తించుటకు చెమటకంటె నమ్మదగిన లక్షణాన్ని సుశ్రుతుడు చెప్పినాడు: హృదయంలోని వాయువు నోటికి వచ్చుట. అనగా ముక్కుతో ఆడుతున్న శ్వాస చాలక నోరు తెరవవలసి వచ్చుట. నేను చెప్పక విడిచినది ఇదే. నేటి వైద్యులు కూడా, వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి అంటారు. రెండు కొలతలకూ ఆధారం శ్వాసయే. సముద్రతీరంలో నివసించే మనకు చెమటకంటె శ్వాసయే మేలైన సాక్షి. చెమటతో పోయేది నీరు, ఉప్పు మాత్రమే, కొవ్వు కాదు.

ఇక ఆచరించవలసిన విధానం. ఉదయం మలవిసర్జన అయిన పిమ్మట, ఖాళీ కడుపుతో లేక రాత్రి భోజనం పూర్తిగా జీర్ణమైన తరువాత, కిటికీలు తెరచి యంత్రం ఎక్కవలెను. మొదటి వారం 5 నిమిషాలు చాలును. ఆపైన వారానికి 2, 3 నిమిషాల చొప్పున పెంచుకొనవలెను. స్థౌల్యం తగ్గగోరువాడు వ్యాయామాన్ని క్రమంగా వృద్ధి చేయవలెనని చరకుని మాట. వారానికి మొత్తం 150 నిమిషాల మధ్యమ శ్రమ పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మడమలు పలకకు ఆన్చి, నడుము నిటారుగా నిలిపి తొక్కవలెను. అజీర్ణం, జ్వరం ఉన్న రోజున ఎక్కరాదు. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ఆరంభించరాదు. తొక్కుతుండగా గుండెలో బరువు, కళ్ళు తిరుగుట కలిగితే తక్షణం ఆపి వైద్యుని చూడవలెను.

యంత్రపు పలక మీద కనిపించే క్యాలరీల సంఖ్య అంచనా మాత్రమే. అరగంట తొక్కితే సుమారు 300 క్యాలరీలు ఖర్చగునని అనుకొందాం. 100 గ్రాముల పచ్చికొబ్బరిలో సుమారు 350 ఉంటాయి. యంత్రం దిగి కొబ్బరి ముక్కలు నములుతూ కూర్చుంటే పడిన శ్రమ ఏమైనట్లు? కొబ్బరిని మానమనను, కూరలో అమరినంత చాలును. భోజనం చేయగానే పడక చేరే పగటినిద్రను మాత్రం పూర్తిగా మానవలెను.

వ్యాయామానంతరం చెమట ఆరనిచ్చి, ఉలవపిండితో క్రింది నుండి పైకి నలుగు పెట్టుకొని గోరువెచ్చని నీటితో స్నానం చేయవలెను. ఇది కఫాన్ని హరించి అవయవాలకు దృఢత్వమిస్తుంది. ఆహారంలో వరి అన్నాన్ని తగ్గించి ఉలవకట్టు, పెసలు, పలుచని మజ్జిగ చేర్చవలెను. రాత్రి అరచెంచా త్రిఫల చూర్ణం వేడినీటితో సేవించవచ్చును. గర్భిణులు, విరేచనాలు అగుచున్నవారు, ఇతర మందులు వాడేవారు వైద్యుని అడుగక తీసికొనరాదు.

ఆ వర్తకులు శ్రావణంలో మళ్ళీ యంత్రమెక్కారు. తొక్కుతూ భార్యతో మాట్లాడుతుంటారు. మాట తెగితే వేగం తగ్గిస్తారు. ఆరు నెలలలో బరువు 86 కిలోలకు వచ్చింది. తేడా చిన్నదే కావచ్చు, కాని ఇప్పుడు మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు.

తోటలో దింపు తీసేవారికి, చేలో వంగి నాట్లు వేసేవారికి ఈ యంత్రంతో పని లేదు. వారి దినచర్యలోనే కావలసిన శ్రమ ఉన్నది. కూర్చుని పనిచేసేవారు యంత్రం కొనలేకపోతే విచారించనక్కరలేదు. తెల్లవారుజామున కాలువ గట్టు మీద తోడుగా ఒకరితో నడవండి. మాట సాగినంత వేగమే మీకు తగిన మాత్ర.