మెష్ వైఫై కొనేముందు: అపోహలు – వాస్తవాలు

ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు తీగ ఇంట్లోకి ఎక్కడ దిగితే అక్కడే, వీధి తలుపు పక్కనో టీవీ వెనకో, బాక్సు బిగించి వెళ్తారు. హాల్లో అంతా బాగానే ఉంటుంది. వెనక బెడ్‌రూంలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగి ఆగి వస్తుంది, మేడ మీద ఆఫీసు మీటింగులో మాట తెగిపోతుంది. "మెష్ పెట్టించుకోండి, అన్నీ సర్దుకుంటాయి" అని ఎవరో ఒకరు చెబుతారు. సలహా మంచిదే. రెండు మూడు యూనిట్లు కలిసి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో ఇల్లంతటికీ వైఫై అందించే ఏర్పాటు అది. కానీ ఎక్కువమంది పెట్టె మీది అంకెలు చూసి కొంటున్నారు. చూడాల్సింది ఆ యూనిట్ల మధ్య దారి ఎలా ఉంటుందన్నది. మెష్ నిలబడేదీ చతికిలబడేదీ అక్కడే.

అపోహ: మెష్ పెడితే నెట్ స్పీడు పెరుగుతుంది.

వాస్తవం: 50 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్న ఇంట్లో ఎంత ఖరీదైన మెష్ పెట్టినా 50 దాటదు. వచ్చిన ఇంటర్నెట్‌ను గదులకు చేరవేయడమే దాని పని. అందుకే కొనేముందు ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్సుకు కలిపి, అందరూ నెట్ వాడే రాత్రి వేళ స్పీడు చూడండి. అక్కడే తక్కువ వస్తుంటే లోపం కనెక్షన్‌లో ఉంది. ఫిర్యాదు సర్వీసు ఇచ్చినవాళ్లకు చేయాలి. అక్కడ నిండుగా వచ్చి బెడ్‌రూంలో పడిపోతుంటేనే మెష్ గురించి ఆలోచించాలి. అప్పుడైనా ముందు రూటర్‌ను టీవీ అల్మారాలోంచి బయటికి తీసి, ఇంటి నడుమ, కాస్త ఎత్తులో పెట్టి చూడండి. చిన్న ఫ్లాట్ అయితే చాలాసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది, డబ్బు మిగులుతుంది.

అపోహ: పెట్టె మీద 5,000 చదరపు అడుగులని ఉంది, మా 1,800 అడుగుల ఇంటికి ధారాళంగా సరిపోతుంది.

వాస్తవం: ఆ అంకె అడ్డంకులు పెద్దగా లేని చోటికి వేసిన లెక్క. అమెరికాలో ఎక్కువ ఇళ్లు చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించి కట్టినవి. వైఫై తరంగాలు వాటిని సులువుగా దాటుతాయి. మన ఇంట్లో తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఉంటుంది, పైన ఇనుప చువ్వలతో పోసిన కాంక్రీటు స్లాబ్ ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడను కొంత మెరుగ్గా దాటుతుంది గానీ దాని వేగం తక్కువ. పైగా అపార్ట్‌మెంట్లలో పక్కింటివాళ్ల రూటర్లన్నీ అందులోనే గుమిగూడి ఉంటాయి. వేగాన్నిచ్చే 5 గిగాహెర్ట్జ్ ఒకటి రెండు గోడలకే నీరసిస్తుంది, స్లాబ్ దగ్గర ఇంకా తగ్గిపోతుంది. ఇనుప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు కూడా సిగ్నల్‌కు అడ్డమే. కాబట్టి మన ఇళ్లలో చదరపు అడుగుల కన్నా గోడలను, అంతస్తులను లెక్కపెట్టడం మేలు. డూప్లెక్స్ ఇంట్లో అంతస్తుకు ఒక యూనిట్ చొప్పున, రెండూ మెట్ల దగ్గర్లో ఉండేలా పెట్టండి. స్లాబ్‌లో కాంక్రీటు లేని ఖాళీ మెట్ల దగ్గరే ఉంటుంది. సిగ్నల్ పైకి ఎక్కడానికి మంచి దారి అదే.

అపోహ: సిగ్నల్ రాని గదిలోనే రెండో యూనిట్ పెట్టాలి.

వాస్తవం: మెష్ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇది. ఆ గదిలో ఫోన్‌కు అందని సిగ్నల్ యూనిట్‌కు మాత్రం ఎలా బాగా అందుతుంది? తనకే సరిగా అందనిదాన్ని అది ఇంకొకరికి ఇవ్వలేదు. మొదటి యూనిట్‌కూ ఆ గదికీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నచోట దాన్ని పెట్టాలి. తప్పు చోట పెట్టినప్పుడు కూడా ఫోన్‌లో గీతలు నిండుగా కనబడతాయి, జనం మోసపోయేది అందుకే. ఆ గీతలు ఫోన్‌కూ దాని పక్కనున్న యూనిట్‌కూ మధ్య సంగతే చెబుతాయి, యూనిట్ వెనక దారి సంగతి చెప్పవు. చాలా మెష్ యాప్‌లలో యూనిట్ల మధ్య సిగ్నల్ ఎలా ఉందో కనిపిస్తుంది. బిగించిన రోజే అది చూసి, అవసరమైతే నాలుగడుగులు అటూ ఇటూ జరపండి.

అపోహ: వైర్లెస్ అన్నాక ఇక తీగతో పనేముంది?

వాస్తవం: మెష్‌లో అతి ముఖ్యమైన విషయం ఇదే. తక్కువ ధర మెష్ సెట్లలో సాధారణంగా రెండే బ్యాండ్లు ఉంటాయి. మేడ మీది యూనిట్ ఏ 5 గిగాహెర్ట్జ్ రేడియోతో మీ ఫోన్‌కు డేటా ఇస్తుందో, కింది యూనిట్ నుంచి డేటా తెచ్చుకునేదీ దాంతోనే. ఒకే రేడియో వంతులవారీగా రెండు పనులు చేస్తుంది కనుక వేగం దాదాపు సగమవుతుంది. దాని వెనక మూడో యూనిట్ ఉంటే అక్కడికి చేరేది ఇంకా తక్కువ. మూడు బ్యాండ్ల సెట్లలో యూనిట్ల మధ్య రాకపోకలకు ఒక బ్యాండును కేటాయించే వీలుంటుంది. వాటి ధర ఎక్కువగా ఉండడానికి న్యాయమైన కారణం అదొక్కటే. అదీ స్లాబ్‌ను దాటాల్సిందే.

ఇంత ఖర్చుకు బదులు రెండు యూనిట్లను ఒక కేబుల్‌తో కలిపితే ఈ బాధలేవీ ఉండవు. గోడలు, స్లాబు అడ్డు రావు, రేడియో మొత్తం మీ ఫోన్లకే మిగులుతుంది. క్యాట్ 5ఈ కేబుల్ కూడా వంద మీటర్ల వరకు 1 జీబీపీఎస్ మోస్తుంది. మన ఇళ్లకు అది చాలా ఎక్కువ. కేబుల్‌తో కలిపిన చవకైన సెట్, గాలిలో కలిపిన ఖరీదైన సెట్ పక్కపక్కనే పెడితే నేను కళ్లు మూసుకుని మొదటిదే తీసుకోమంటాను. కేబుల్ కొనేటప్పుడు మాత్రం లోపల అసలు రాగి ఉందో, అల్యూమినియం మీద రాగి పూతే ఉందో అడగండి. పూతది చవక, కానీ నమ్మకంగా ఉండదు.

యూనిట్ల పోర్టులు కూడా చూడాలి. టీపీ-లింక్ డెకో ఈ4, డెకో ఎం4 రెండింటి మీదా ఏసీ1200 అనే ఉంటుంది. ఎం4 పోర్టులు 1,000 ఎంబీపీఎస్‌వి, ఈ4 పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. మీ ప్లాన్ 200 అయితే ఈ4లో ఇంటర్నెట్ లోపలికి రావడమే 100 దగ్గర ఆగిపోతుంది. పెట్టె ముందు వైపున ఇది కనబడదు. వివరాల పట్టికలో గిగాబిట్ అన్న మాట ఉందో లేదో వెతకాలి.

అపోహ: ఎన్ని యూనిట్లుంటే అంత మంచిది.

వాస్తవం: కాదు. దగ్గరదగ్గరగా పెట్టిన యూనిట్లు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. రెంటితో మొదలుపెట్టండి; చాలకపోతే అదే కంపెనీది మూడోది కలుపుకోవచ్చు. వేర్వేరు కంపెనీల యూనిట్లు కలిసి పనిచేసేందుకు వైఫై అలయన్స్ 2018లో ఈజీమెష్ అనే ప్రమాణం తెచ్చింది గానీ, చాలా కంపెనీలు తమ సొంత పద్ధతినే నడుపుతున్నాయి. రెండు యూనిట్ల మీదా ఆ పేరు ఉంటేనే కలుస్తాయని ఆశించండి.

అపోహ: ఏఎక్స్3000 అంటే 3,000 ఎంబీపీఎస్ వస్తుంది.

వాస్తవం: ఒక బ్యాండు 574, ఇంకొక బ్యాండు 2,402, రెండూ కూడి గుండ్రంగా 3,000 అన్నారు. ఒక ఫోన్ ఒక సమయంలో ఒక బ్యాండులోనే ఉంటుంది. రెండు యాంటెన్నాలున్న మామూలు వైఫై 6 ఫోన్ సాధారణంగా కాగితం మీద 1,201 దాకా వెళ్తుంది, ఇంట్లో అందులో సగం వస్తే సంతోషించాలి. ఇళ్లలో ఎక్కువగా ఉండే ప్లాన్లకు అది చాలు.

అపోహ: అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చే మోడల్ ఇక్కడిదానికన్నా మేలు.

వాస్తవం: అక్కడ 2020లో 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1,200 మెగాహెర్ట్జ్ వైఫైకి తెరిచారు. మన టెలికాం శాఖ 2025 మేలో ముసాయిదాగా ఇచ్చిన నిబంధనలు 5925 నుంచి 6425 వరకు, అంటే 500 మెగాహెర్ట్జ్‌కే పరిమితం. వైఫై 7 గొప్పగా చెప్పుకునే 320 మెగాహెర్ట్జ్ చానల్ అందులో ఒక్కటే పడుతుంది. అక్కడి యూనిట్ అక్కడి చానళ్ల ప్రకారం నడుస్తుంది, చాలావాటిలో దేశం మార్చే వీలుండదు. చెడిపోతే వారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు. అంత ప్రేమగా తేవాలనుకునే పిల్లలకు ముందే ఈ మాట చెప్పడం మంచిది.

అపోహ: ఇల్లంతా తిరిగినా ఫోన్ దానంతటదే దగ్గరి యూనిట్‌కు మారుతుంది.

వాస్తవం: ఎప్పుడు మారాలో తేల్చుకునేది ఫోనే. మెష్ 802.11కె, వి, ఆర్ అనే పద్ధతులతో దానికి దారి చూపగలదు, బలవంతం చేయలేదు. పాత ఫోన్లు కింది యూనిట్‌నే పట్టుకుని మేడ దాకా వస్తాయి. ఇంకో కారణం కూడా ఉంటుంది: ఫైబర్ బాక్సులోని పాత వైఫైని ఆపకపోవడం. అప్పుడు ఫోన్ దానికీ మెష్‌కూ మధ్య ఊగిసలాడుతుంది. దాన్ని ఆపేయించండి. రూటర్ పని రెండూ చేయకుండా బాక్సునైనా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి, లేదా మెష్‌నైనా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంచండి.

అపోహ: ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా వైఫై ఆగదు.

వాస్తవం: ఫైబర్ బాక్సు, ప్రధాన యూనిట్, మేడ మీది యూనిట్ అన్నీ ఇన్వర్టర్ లైనున్న ప్లగ్గుల్లోనే ఉండాలి. ఒక్కటి బయట ఉన్నా దాని వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. చిన్న యూపీఎస్ పెట్టాలనుకుంటే అడాప్టర్ మీది వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకోండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో సెల్లారులోని స్విచ్ నుంచి ఇంటింటికీ లాన్ తీగ లాగుతారు. ఆ స్విచ్‌కు జనరేటర్ లైను ఉందో లేదో అసోసియేషన్‌ను అడగాలి.

అపోహ: యూనిట్లు పెరిగితే రేడియేషన్ పెరిగి పిల్లలకు హాని.

వాస్తవం: ఒక్కో యూనిట్ పంపే శక్తి సాధారణంగా ఒక వాటు కన్నా తక్కువ, దూరంతో అదీ వేగంగా తగ్గుతుంది. వైర్లెస్ నెట్‌వర్కుల బలహీన సంకేతాల వల్ల ఆరోగ్యానికి హాని కలుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పింది. 2011లో దాని అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చిన మాట నిజమే. దానికి ప్రధాన ఆధారం చెవికి ఆనించి వాడే మొబైల్ ఫోన్ల మీద జరిగిన అధ్యయనాలు, ఆ ఆధారం కూడా పరిమితమైనదేనని ఆ సంస్థే అన్నది.

అపోహ: ఒకసారి బిగిస్తే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: 2017లో మాథీ వాన్‌హూఫ్ అనే బెల్జియం పరిశోధకుడు, ప్రపంచమంతా వాడుతున్న డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణలో క్రాక్ అనే లోపాన్ని బయటపెట్టాడు. దానికి మందు సాఫ్ట్‌వేర్ అప్‌డేటే. అప్‌డేట్లు ఆపేసిన మోడల్ ఎంత చవకగా దొరికినా వద్దు. కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో చూశాకే డబ్బు కట్టండి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక విన్నపం. గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఫైబర్ దిగేచోటు నుంచి ప్రతి అంతస్తు హాలుకూ, ఆఫీసు పని చేసుకునే గదికీ కరెంటు పైపుకు దూరంగా విడిగా ఒక పైపు వేయించండి, అందులో క్యాట్ 6 కేబుల్ లాగించండి, పైపు తేలినచోట ఇన్వర్టర్ లైనుతో ఒక ప్లగ్గు పెట్టించండి. అప్పుడు దానికయ్యే ఖర్చు తక్కువే. గృహప్రవేశం అయ్యాక అదే పనికి గోడలు పగలగొట్టాల్సి వస్తుంది.