యింజను చమురు మడ్డిని తీయు విధము - తగిన చమురు నెన్నుకొనుట

బండి యిరుసునకు కందెన లేనిచో నిరుసు అరిగిపోవునని ప్రతి రైతునకు తెలియును. ట్రాక్టరు, నీటిపంపు, మోటారుకారు యింజనులకు చమురు అట్టిదే. కాని కందెన కంటికి కనబడును. యింజను చమురు లోపల నుండుటచే చెడినను కంటబడదు. వరి పొట్టకు వచ్చిన సమయమున యింజను బిగిసికొనిపోయినచో, మరమ్మతు ఖర్చుకంటె పంటకు కలుగు నష్టమే హెచ్చు. కావున రైతులు ఈ దిగువ సంగతులను శ్రద్ధతో గమనింపవలెను.

మడ్డి యేర్పడుటకు కారణములు

డీజిలు మండునపుడు పుట్టు మసియు, నీటియావిరియు కొంతభాగము పిస్టను రింగుల ప్రక్కనుండి చమురులోనికి దిగును. యింజను చక్కగ వేడెక్కినచో ఆ నీరు ఆవిరియై పోవును. ఐదు పది నిమిషములు నడిపి ఆపుచుండినచో నీరు నిలిచి, మసితోను ధూళితోను కలిసి మడ్డి యగును. అతివేడిచే చమురు చిక్కబడుటయు, గడువునకు చమురు మార్చకుండుటయు ఇతర కారణములు. మడ్డి తొట్టి యడుగునగల జాలిని మూసినచో, తొట్టినిండ చమురున్నను అది పైకి చేరదు, బేరింగులు కాలిపోవును.

గుర్తులు

చమురు పోయు మూత యడుగున నల్లని జిగురు పట్టుట, చమురు ఒత్తిడి తగ్గినట్లు ముల్లు గాని దీపము గాని చూపుట ముఖ్యమైన గుర్తులు. డీజిలు యింజను చమురు నల్లబడినంతమాత్రమున చెడినదని తలపరాదు; మసిని తనలో నిలుపుకొనుట మంచి చమురు గుణమే. చమురు మజ్జిగ రంగునకు మారినచో నీరు కలియుచున్నదని యెరిగి, యింజనును నడపక మరమ్మతుదారునకు చూపవలెను.

మడ్డిని తీయు విధము

1. యింజనును వేడెక్కువరకు నడిపి ఆపి, అడుగు బిరడా విప్పి పాత చమురును పూర్తిగ కార్పవలెను. వేడి చమురు చేతులపై పడనీయరాదు.

2. ఫిల్టరు మార్చి, తగిన తరగతి క్రొత్త చమురు పోయవలెను. అందలి శోధక ద్రవ్యములు మడ్డిని క్రమముగ కరగించును.

3. సగము గడువునకే చమురును, ఫిల్టరును మరల మార్చవలెను.

4. మడ్డి దళసరిగ నున్నచో తొట్టిని విప్పించి, జాలిని డీజిలుతో కడిగించి, ఆరిన పిదప క్రొత్త గాస్కెటుతో బిగింపవలెను.

కిరసనాయిలు పోసి యింజనును నడపరాదు. అది చమురును పలుచన చేసి బేరింగుల నరగదీయును. ఒక్కమారుగ ఊడిన మడ్డి పెళ్లలు జాలిని మూసివేయును.

చమురు నెన్నుకొనుట

డబ్బాపై 15డబ్ల్యు-40 వంటి గుర్తుండును. మొదటి సంఖ్య చలిలో చమురు పారు గుణమును, రెండవది 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో దాని చిక్కదనమును తెలుపును. చిక్కని చమురే మేలైనదను తలంపు సరికాదు. చలి యుదయమున అది పైభాగములకు ఆలస్యముగ చేరును. ఎ.పి.ఐ. గుర్తులో డీజిలు యింజనుల చమురునకు ‘సి’ అక్షరమును, పెట్రోలు యింజనుల చమురునకు ‘ఎస్’ అక్షరమును ముందుండును. యింజనుతో నిచ్చిన పుస్తకమున చెప్పిన తరగతినే, ముద్ర చెడని డబ్బాలో కొనవలెను.

చాల ట్రాక్టర్లకు చమురు గడువు 250 గంటలు. దుమ్ములో హెచ్చుగ పనిచేసినచో ముందుగనే మార్చవలెను. నడిచిన గంటలను ఒక పుస్తకమున వ్రాసికొనుట మంచిది. పాత చమురును బావి చెంతగాని, కాలువలోగాని పారబోయరాదు. అది నీటిని, నేలను చెరచును.